మైటర్ సాను స్టాండు మీద కూర్చోబెట్టడం: బోల్టు బిగించేది ఆఖర్లోనే

ఒక ఇంట్లో కిటికీలకు టేకు బీడింగు, అంటే అంచు పట్టీలు వేస్తున్నాం. కోయడానికి వాడుతున్నది మైటర్ సా, అంటే కలపను కావలసిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం మిషను. 45 డిగ్రీల కోతలు ఒక్కటీ కలవడం లేదు. పైన కలిస్తే కింద సందు, కింద కలిస్తే పైన సందు. బ్లేడు మొద్దుబారిందేమో అనుకుని కొత్తది వేశాను. అయినా అంతే. కలప తడి ఆరలేదేమో అనుకున్నాను. చివరికి విసుగొచ్చి మిషనును స్టాండు మీద నుంచి దించి, నేల మీద మందపాటి ప్లై వేసి, దాని మీద పెట్టి కోశాను. మూల అతికినట్టు కలిసింది. తప్పు బ్లేడుది కాదు, కలపది కాదు. నేను మిషనును స్టాండుకు బిగించిన తీరుది.

జరిగింది చిన్న విషయమే. మిషను నాలుగు పాదాల్లో ఒకటి బ్రాకెట్‌కు, అంటే స్టాండు మీద మిషనును మోసే పట్టీకి ఆనలేదు. అక్కడ కాస్త సందు ఉంది. నేను చూసుకోకుండా బోల్టును బలంకొద్దీ బిగించాను. బోల్టు ఆ పాదాన్ని కిందికి లాగి సందు మూసేసింది. ఆ లాగుడుకు మిషను అడుగు భాగం మెలిపడింది. అడుగు మెలిపడ్డాక పైన ఎంత ఖచ్చితంగా డిగ్రీ పెట్టినా లాభం లేదు.

అప్పటి నుంచి ఈ పని చేసేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటాను. సరిగ్గా కూర్చున్న మిషను కదలకుండా పట్టుకోవడమే బోల్టు పని. సరిగ్గా కూర్చోకుండా ఉన్న మిషనును లాగి కూర్చోబెట్టే పని దానికి అప్పజెప్పకూడదు. ఈ వ్యాసంలో చెప్పే వరుస మొత్తం దీని నుంచి వచ్చిందే.

ఏ మిషను, ఏ స్టాండు

నేను చెబుతున్నది 10 అంగుళాల, అంటే 255 మి.మీ. బ్లేడు ఉన్న స్లైడింగ్ మైటర్ సా గురించి. స్లైడింగ్ అంటే బ్లేడు, మోటారు ఉన్న తల రాడ్ల మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది. మన దగ్గర వడ్రంగులూ అల్యూమినియం కిటికీలు చేసేవాళ్లూ ఎక్కువగా వాడేది ఈ సైజే. స్లైడింగ్ రకం అయితే 20 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది. 12 అంగుళాలది ఇంకా బరువు. స్లైడింగ్ లేనిది కాస్త తేలిక. పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

స్టాండు అంటే మడత కాళ్లది. మధ్యలో పొడవాటి ట్యూబు, రెండు వైపులా బయటికి లాగే చేతులు, చేతుల చివర కలపకు ఆసరాగా రోలరో, చదును పలకో ఉంటాయి. ట్యూబు మీద అడ్డంగా రెండు బ్రాకెట్లు కూర్చుంటాయి. మిషను ఎడమ వైపు రెండు పాదాలు ఒక బ్రాకెట్ మీద, కుడి వైపు రెండూ ఇంకో దాని మీద వస్తాయి. లివర్ నొక్కితే బ్రాకెట్ ట్యూబును పట్టుకుంటుంది, ఎత్తితే వదులుతుంది. సాయంత్రం మిషనును బ్రాకెట్లతో సహా ఎత్తి బండిలో పెట్టుకోవచ్చు.

కావలసినవి

చాలా మిషన్లకు 8 మి.మీ. బోల్టులు సరిపోతాయి. నాలుగు బోల్టులు, వాటికి ఎనిమిది వాషర్లు, నాలుగు నైలాక్ నట్లు, 13 మి.మీ. పానాలు రెండు కావాలి. నైలాక్ అంటే లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు. మామూలు నట్టు మిషను అదురుకు వారంలో వదులైపోతుంది. నాలుగు నట్లకు అయ్యే ఖర్చు ఎంతో ఉండదు, ఇక్కడ పొదుపు చేయకండి.

బోల్టు పొడవు అంచనాతో కొనొద్దు. మిషను పాదం మందం, బ్రాకెట్ మందం, రెండు వాషర్లు, నట్టు అన్నీ కలిపి కొలవండి. నట్టు బిగించాక రెండు మూడు మరలు బయటికి కనిపిస్తే చాలు. పొట్టిదైతే నైలాన్ రింగు మరను పట్టదు, అప్పుడు అది మామూలు నట్టుతో సమానం. మరీ పొడుగైతే కింద ట్యూబుకో, లివర్‌కో తగిలి బ్రాకెట్ పూర్తిగా కూర్చోదు. పైనుంచి చూస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ రెండోది ఎక్కువ ప్రమాదం.

ఇవి కాక టేపు, మూలమట్టం, వంకర లేని పొడవాటి అల్యూమినియం పట్టీ లేదా 4 అడుగుల రసమట్టం, కొన్ని కాగితం ముక్కలు దగ్గర పెట్టుకోండి.

మిషనును సిద్ధం చేయడం

ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఎత్తేటప్పుడు చెయ్యి సహజంగా హ్యాండిల్ మీదికే పోతుంది, ట్రిగ్గర్ ఉండేదీ అక్కడే.

తలను కిందికి దించి పిన్ను వేయండి. స్లైడింగ్ రాడ్ల లాక్ బిగించండి. కలప పెట్టే తిరిగే టేబుల్‌ను 0 డిగ్రీల దగ్గర పెట్టి అదీ బిగించండి. ఇవేవీ చేయకుండా ఎత్తితే మధ్యలో తల ఒక్కసారి జారి బరువంతా ఒకరి వైపు పోతుంది. 25 కిలోలు చేతిలో ఉన్నప్పుడు అలా జరిగితే నడుము పట్టేస్తుంది, లేదా వేళ్లు నలుగుతాయి.

ఎత్తే ముందు ఇంకో పని ఉంది. మిషనును చదునైన చోట పెట్టి టేబుల్‌ను ఎడమకు 45, కుడికి 45 డిగ్రీలు తిప్పి చూడండి. ఎంత సులువుగా తిరుగుతోందో చేతికి గుర్తుండాలి. తర్వాత దీని అవసరం పడుతుంది. చూశాక మళ్లీ 0కి తెచ్చి లాక్ చేయండి.

స్టాండు నిలబెట్టడం

కాళ్లన్నీ తెరిచి, ప్రతి కాలికీ లాక్ పడిన చప్పుడు వినండి. వినడమే కాదు, ఒక్కో కాలిని చేత్తో లోపలికి తోసి చూడండి. మడత కాళ్ల స్టాండు కూలిందంటే నూటికి తొంభై సార్లు ఒక లాక్ సగమే పడి ఉంటుందని నా నమ్మకం.

కొత్తగా కడుతున్న ఇళ్లలో నేల సమంగా ఉండదు. స్టాండు ఒక కాలు గాల్లో ఉంటే చాలా స్టాండ్లకు ఉండే తిప్పుడు బొడిపెతో ఆ కాలిని సరిచేయొచ్చు. అది లేకపోతే ప్లై ముక్క పెట్టండి. ఇటుక ముక్క వద్దు, అదురుకు పగులుతుంది, జారుతుంది.

ట్యూబు రసమట్టంలో అచ్చంగా సమంగా ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. మిషను కాస్త వాలి ఉన్నా కోత తేడా రాదు, ఎందుకంటే కలప, బ్లేడు, టేబుల్ అన్నీ కలిసే వాలతాయి. స్టాండు ఊగకపోవడమే ముఖ్యం. నాలుగు మూలల్లో చేత్తో నొక్కి చూడండి. ఊగితే అక్కడే ఆగి సరిచేయండి.

బ్రాకెట్లు ముందు స్టాండు మీదికి

మాన్యువళ్లు ఎక్కువగా బ్రాకెట్లను ముందు మిషనుకు బిగించి, ఆ తర్వాత మొత్తాన్ని స్టాండు మీద పెట్టమంటాయి. బోల్టులు వదులుగా ఉంచితే అదీ పని చేస్తుంది. కానీ చాలామంది మిషనును పక్కకు పడుకోబెట్టి, బ్రాకెట్లు పూర్తిగా బిగించేసి, తర్వాత స్టాండు మీద పెడతారు. అప్పుడు రెండు బ్రాకెట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. ఒకటి ట్యూబు మీద కూర్చుంటే రెండోది ఎదురు తిరుగుతుంది. లివర్‌ను బలంగా నొక్కితే పడుతుంది, కానీ ఆ బలమంతా మిషను అడుగును మెలితిప్పడానికే పోతుంది.

అందుకే నేను తిరగేసి చేస్తాను. మిషను ఎడమ పాదాల రంధ్రాల నుంచి కుడి పాదాల రంధ్రాల దాకా మధ్య నుంచి మధ్యకు కొలుస్తాను. ఖాళీ బ్రాకెట్లను ట్యూబు మీద అంతే దూరంలో పెట్టి లివర్లు వేస్తాను. రెండు బ్రాకెట్ల మధ్య దూరం ముందు వైపూ, వెనక వైపూ కొలిస్తే ఒకటే రావాలి. అప్పుడే అవి సమాంతరం.

లివర్లు రెండూ ఒకే వైపు ఉండాలి. స్టాండు ఒప్పుకుంటే మీరు నిలబడే వైపు పెట్టుకోండి, కళ్ల ముందు ఉంటే లివర్ ఎప్పుడు లేచిపోయినా కనిపిస్తుంది. బ్రాకెట్ల జత స్టాండు పొడవుకు మధ్యలో రావాలి. ఒక పక్కకు జరిగితే, బరువైన కలప ఆ వైపు చెయ్యి మీద పెట్టగానే రెండో వైపు కాళ్లు లేస్తాయి.

మిషను ఎక్కించడం

ఇద్దరు ఎత్తండి. ఒంటరిగా ఎత్తగలిగినా, రంధ్రం మీద రంధ్రం కూర్చోబెట్టేదాకా ఒకరు పట్టుకోవాలి. బోల్టు పడేదాకా మిషను బ్రాకెట్ల మీద ఊరికే నిలబడి ఉంటుంది, తగిలితే జారుతుంది.

బ్రాకెట్లకు పొడవాటి గాడులు ఉంటాయి కాబట్టి మిషనును ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు. ఎక్కడ ఆపాలన్నది బరువును బట్టి తేల్చాలి. స్లైడింగ్ మిషనులో మోటారు, రాడ్లు అన్నీ వెనక్కి ఉంటాయి. మిషను అడుగు మధ్యభాగం ట్యూబు మీదికి వచ్చినంత మాత్రాన బరువు మధ్యభాగం వచ్చినట్టు కాదు. చాలావరకు మిషనును కాస్త ముందుకు, అంటే మీ వైపు జరపాల్సి వస్తుంది.

ఇక్కడ స్టాండు మీద రాసిన బరువు అంకెను చూసి ధైర్యపడకండి. డివాల్ట్ డీడబ్ల్యూఎక్స్723 స్టాండు 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు మోస్తుందని ఉంటుంది. నిజంగానే మోస్తుంది. కానీ అది నేరుగా కిందికి పడే బరువు లెక్క. 25 కిలోల మిషను కూడా బరువు కాళ్ల గీత దాటి వెనక్కి పోతే స్టాండును పడేయగలదు.

బోల్టులను పైనుంచి వాషర్‌తో దించి, కింద వాషర్, నైలాక్ నట్టు వేయండి. నైలాన్ తగిలేదాకా చేత్తో తిప్పండి. తర్వాత పానాతో కొంచెం తిప్పి, వాషర్‌ను వేలితో తోస్తే ఇంకా కదిలేంత వదులుగా వదిలేయండి. ఇంకా బిగించొద్దు.

కాగితం పరీక్ష

ఇదే అసలు పని. ఒక్కో పాదం కింద కాగితం ముక్క దూర్చి చూడండి. ఏ పాదం కింద కాగితం అడ్డు లేకుండా దూరుతుందో అక్కడ సందు ఉన్నట్టు. కొన్నిసార్లు బ్రాకెట్‌ను కాస్త జరిపితేనే సందు పోతుంది, ముందు అది చూడండి. పోకపోతే ఆ పాదానికీ బ్రాకెట్‌కూ మధ్య పలచని రేకు వేయండి. కూల్‌డ్రింకు డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, కత్తెరతో తెగుతుంది, ఒకటో రెండో పొరలు వేస్తే సరిపోతుంది. సందు ఎక్కువగా ఉంటే వాషర్ వేయొచ్చు. బోల్టు వెళ్లేలా రేకుకు రంధ్రం చేయండి, లేకపోతే అదురుకు బయటికి వచ్చేస్తుంది.

నాలుగు పాదాలూ వాటంతట అవి ఆనాక అప్పుడు బిగించండి. ఎదురెదురు మూలలుగా రావాలి: ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, వెనక ఎడమ. ఒక్కో దాన్ని పావు చుట్టు, పావు చుట్టు చొప్పున రెండు మూడు విడతల్లో గట్టిపరచండి. మిషను అడుగు పోత అల్యూమినియమో, మెగ్నీషియమో అయి ఉంటుంది. ఇనుములా ఓర్చుకోదు. పానాకు పైపు తొడిగి బిగించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బిగించాక టేబుల్ లాక్ తీసి మళ్లీ ఎడమకు, కుడికి తిప్పండి. ఇందాక చేతికి గుర్తుపెట్టుకోమన్నది దీనికే. ముందుకంటే బిగుసుగా తిరుగుతుంటే అడుగు మెలిపడిందని అర్థం. ఒక్కో బోల్టునే కొంచెం వదులు చేస్తూ తిప్పి చూడండి. ఏ బోల్టు వదలగానే టేబుల్ తేలికైందో, తప్పు ఆ పాదం దగ్గరే ఉంది. అక్కడ రేకు వేసి మళ్లీ బిగించండి. మూడు రోజులు బ్లేడును అనుమానించిన నాకు ఈ పరీక్ష అప్పట్లో తెలిసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

ఒరుగుతుందేమో చూడటం

ప్లగ్గు ఇంకా పెట్టకండి. పిన్ను తీసి, తలను పైకి లేపి, రాడ్ల మీద పూర్తిగా వెనక్కి తోయండి. హ్యాండిల్‌ను వెనక్కి నెమ్మదిగా నెట్టండి. ముందు కాళ్లు తేలికపడుతున్నాయా? అయితే మిషనును ఇంకాస్త ముందుకు జరపాలి. ఇప్పుడు తలను పూర్తిగా మీ వైపు లాగి, కోత కోసేటప్పుడు నొక్కినట్టు కిందికి నొక్కండి. వెనక కాళ్లు లేవకూడదు. ఈ రెండింటి మధ్య మిషను స్థిరంగా ఉండే చోటు దొరికితే, ట్యూబు మీద బ్రాకెట్ల చోటునూ, బ్రాకెట్ మీద పాదాల చోటునూ రంగు మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

స్లైడింగ్ రాడ్లు వెనక్కి వస్తాయి కాబట్టి గోడకు ఆనించి స్టాండు వేయకూడదు. పొట్టు సంచి కూడా వెనకే ఉంటుంది. స్టాండు వేసే ముందే తలను పూర్తిగా వెనక్కి తోసినప్పుడు ఎంత చోటు పడుతుందో కొలుచుకోండి.

పక్క చేతుల ఎత్తు

మిషనును ఎంతో జాగ్రత్తగా బిగించి ఇక్కడ తప్పు చేసేవాళ్లను చాలామందిని చూశాను. వంకర లేని పట్టీని మిషను టేబుల్ మీద పెట్టి, చివర పక్క ఆసరా మీదికి వచ్చేలా చాపండి. ఆసరాను పట్టీకి తగిలీ తగలనట్టు లేపి బిగించండి. రెండు వైపులా ఇలాగే చేయండి.

ఆసరాలు టేబుల్ కంటే ఎత్తుగా ఉంటే కలప రెండు ఆసరాల మధ్య వంతెనలా నిలుస్తుంది, బ్లేడు దగ్గర టేబుల్‌కు ఆనదు. కోత పూర్తవుతుండగా మధ్యలో కిందికి కుంగుతుంది, కోత పైభాగం మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. కలప ఒక్కసారిగా ఎగిరేది అప్పుడే. ఆసరా మరీ కిందికి ఉంటే తెగిన ముక్క బయటి వైపు వాలి, బ్లేడు వైపు చివర పైకి లేచి పళ్లకు తగులుతుంది. రెండూ చెడ్డవే. ఒకవేళ ఖచ్చితంగా కుదరకపోతే కాగితం మందమంత కిందికి ఉండటమే నయం.

టేబుల్ ఎత్తు నేల నుంచి మీ నడుము దగ్గర, సుమారు 85 నుంచి 95 సెం.మీ. మధ్య ఉంటే రోజంతా పనిచేసినా వీపు నొప్పి రాదు. మిషను అడుగు ఎత్తు కూడా కలిసే లెక్క, స్టాండు ఎత్తు ఒక్కటే కాదు.

మూలమట్టం చూడటం

స్టాండుకు బిగించిన ప్రతిసారీ ఇది చేయాలి. మూలమట్టాన్ని ఫెన్స్‌కు, అంటే టేబుల్ వెనక కలప ఆనే నిలువు పట్టీకి ఆనించి, రెండో అంచును బ్లేడు పలకకు తగిలించండి. పళ్లకు తగలకూడదు. పళ్లు పలక కంటే వెడల్పుగా ఉంటాయి, వాటికి తగిలితే కొలత తప్పుతుంది.

మూలమట్టం మీదే నమ్మకం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. రెండంచులూ సమాంతరంగా ఉన్న 100 మి.మీ. వెడల్పు ప్లై పట్టీని 0 డిగ్రీల దగ్గర అడ్డంగా కోయండి. ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండు ముక్కలనూ ఫెన్స్‌కు ఆనించి కోసిన అంచులు కలపండి. సందు కనిపిస్తే అసలు తప్పు ఆ సందులో సగం. తిప్పడం వల్ల తప్పు రెట్టింపై కనిపిస్తుంది, అందుకే ఈ పద్ధతి నాకు మూలమట్టం కంటే ఇష్టం.

అర డిగ్రీ తేడా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. నాలుగు మూలల ఫ్రేముకు 8 కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తప్పితే మొత్తం 4 డిగ్రీలు. మూడు మూలలు బిగించి కలిపితే ఆ 4 డిగ్రీలూ ఆఖరి మూలలో బయటపడతాయి. 75 మి.మీ. వెడల్పు పట్టీ అయితే అక్కడ 5 మి.మీ. పైనే సందు వస్తుంది. ఫెవికాల్, పొట్టు కలిపి నింపినా దాగదు.

కరెంటు, మొదటి కోత

ఈ మిషన్లు సాధారణంగా 1500 నుంచి 2000 వాట్లవి, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతాయి. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 2.5 చదరపు మి.మీ. రాగి తీగ వాడండి, చుట్టగా ఉన్న తీగను పూర్తిగా విప్పండి. చుట్ట మీదే వాడితే తీగ వేడెక్కుతుంది. తీగను స్టాండు వెనక నుంచి తీసుకెళ్లండి, కాలికి చిక్కకూడదు.

కళ్లద్దాలు పెట్టుకోండి. లుంగీ, వదులు చొక్కా చేతులు, చేతి గుడ్డ తొడుగులు వద్దు. చెయ్యి బ్లేడుకు 15 సెం.మీ. దూరంలో ఉండాలి. అంతకంటే చిన్న ముక్క అయితే క్లాంపు వేయండి. బ్లేడు కవచం అడ్డొస్తోందని తీగతో కట్టేయడం సైట్లలో చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. పోయిన వేలు తిరిగి రాదు.

మొదటిసారి కలప లేకుండా నడిపి, స్టాండు మీద చెయ్యి వేసి అదురు చూడండి. ఎక్కడైనా గలగలమంటే ఆపి ఆ బోల్టు చూడండి. తర్వాత పనికిరాని చెక్క మీద నాలుగైదు కోతలు వేసి, మళ్లీ కాగితం పరీక్ష చేయండి. అదురుకు సర్దుకున్న పాదం ఉంటే ఇప్పుడు తెలుస్తుంది. మొదటి రోజు పని అయ్యాక నట్లు ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి చూసుకుంటే చాలు.

రంధ్రాలు కలవకపోతే, స్టాండు మనమే చేయించుకుంటే

ఒక కంపెనీ మిషను, ఇంకో కంపెనీ స్టాండు అయితే కొన్నిసార్లు పాదాల రంధ్రాలు బ్రాకెట్ గాడుల మీదికి రావు. మిషను పాదానికి కొత్త రంధ్రం వేయొద్దు, పోత లోహం పగులుతుంది. 18 మి.మీ. మంచి ప్లై పలక తీసుకుని, మిషనును పలకకు, పలకను బ్రాకెట్లకు వేర్వేరు బోల్టులతో బిగించండి. పలక వంకర లేనిదై ఉండాలి. పలకకు బిగించే బోల్టుల తలలు కింద బ్రాకెట్‌కు తగలకుండా లోపలికి దించాలి.

వెల్డింగ్ షాపులో యాంగ్లర్లతో, అంటే L ఆకారపు ఇనుప కమ్మీలతో స్టాండు చేయించుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. గట్టిగా ఉంటుంది, చవక. కానీ వెల్డింగు వేడికి యాంగ్లర్లు వంగుతాయి, పైభాగం చదునుగా రాదు. తెచ్చుకునే ముందు షాపులోనే పొడవాటి పట్టీ మూలల నుంచి మూలలకు అడ్డంగా పెట్టి చూడండి. వంకర ఉంటే అక్కడే సరిచేయించుకోండి. పైన ప్లై పలక వేసి, సందుల్లో రేకులు పెట్టి, దాని మీద మిషను బిగించండి. మిషను పాదాలను నేరుగా యాంగ్లర్ మీద బిగిస్తే మళ్లీ నా టేకు బీడింగు కథే అవుతుంది.

దించి తీసుకెళ్లేటప్పుడు

తల దించి పిన్ను, రాడ్ల లాక్, టేబుల్ లాక్ మళ్లీ వేయండి. ఒకరు మిషనును పట్టుకున్నాకే రెండో వ్యక్తి లివర్లు ఎత్తాలి. ఎంత దగ్గరైనా మిషనుతో సహా మడత స్టాండును ఎత్తి జరపకండి.

మర్నాడు కొత్త చోట పెట్టినప్పుడు బ్రాకెట్లను మార్కరు గుర్తుల మీదికి తెచ్చి, లివర్ వేశాక మిషను అడుగును రెండు చేతులతో పట్టుకుని పైకి లాగి చూడండి. బ్రాకెట్ లేవకపోతే లివర్ పడినట్టు. ఆ తర్వాత ప్లై ముక్క కోసి, బోర్లా తిప్పి, అంచులు కలిపి చూసుకుని, అప్పుడు టేకు తీయండి.